ఒకేలా ఉన్న రెండు మ్యూజిక్ ప్లేయర్లలో ఏది తీసుకోవాలి: హెడ్‌ఫోన్ వాల్యూమ్ లెక్క నుంచి కొట్టులో పరీక్ష దాకా

ధర దాదాపు ఒకటే, మెమరీ ఒకటే, పాడే ఫైళ్ల రకాలూ ఒకటే అయిన రెండు పోర్టబుల్ మ్యూజిక్ ప్లేయర్ల మధ్య ఎటూ తేల్చుకోలేనివారు చివరకు అడిగే ప్రశ్న ఒక్కటే: "వీటిలో దేనికి సౌండ్ ఎక్కువ?" ప్లేయర్ పేరు ఒక్కటే చూసి దీనికి జవాబు చెప్పడం కుదరదు. చెవికి చేరే శబ్దం ప్లేయర్ ఇచ్చే వోల్టేజీ, హెడ్‌ఫోన్ సెన్సిటివిటీ (ఇచ్చిన విద్యుత్తుకు అది ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే కొలత), పాటను రికార్డు చేసిన స్థాయి అనే మూడింటి మీదా ఆధారపడి ఉంటుంది.

అందుచేత ఇక్కడ హెడ్‌ఫోన్ దగ్గర మొదలుపెట్టి ప్లేయర్ వైపు వెళదాం. ముందుగా మీకు ఎంత వోల్టేజీ కావాలో తేల్చుకోవాలి. అంత ఇవ్వలేని ప్లేయర్‌ను పక్కన పెట్టాలి. ఇవ్వగలిగినవి రెండు మిగిలితే వాటి మధ్య వాల్యూమ్ పోటీని అక్కడితో ఆపి, వేరే గుణాలు చూడాలి. కాగితం, పెన్ను, ఫోన్‌లోని కాలిక్యులేటర్ ఉంటే చాలు.

1. లెక్క మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసినవి

మీరు వినేది వైరుతోనా, బ్లూటూత్‌తోనా అన్నది మొదటి ప్రశ్న. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో ఆంప్లిఫయర్ ఇయర్‌బడ్ లోపలే ఉంటుంది కాబట్టి ప్లేయర్ పెట్టె మీద రాసిన మిల్లీవాట్లకు, మీరు వినే శబ్దానికి సంబంధమే ఉండదు. ఎప్పుడూ బ్లూటూత్‌లోనే వినేవారు 2, 3, 4 అంకెల కింద చెప్పిన లెక్కలన్నీ వదిలేసి, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, ఏ కోడెక్‌లు (బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే పద్ధతులు) ఉన్నాయి అన్నవి చూసుకుంటే సరిపోతుంది.

వైరుతో వినేవారు ఈ కింది వివరాలు రాసి పెట్టుకోవాలి.

- హెడ్‌ఫోన్ లేదా ఇయర్‌ఫోన్ పూర్తి మోడల్ పేరు. ఒకే పేరుతో వేర్వేరు ఓమ్‌లలో వస్తుంటే ఆ ఓమ్‌ల అంకె కూడా.
- దాని ఇంపెడెన్స్, అంటే కరెంటుకు అది చూపే అడ్డు (ఓమ్‌లలో), సెన్సిటివిటీ (డెసిబెల్‌లలో). ఆ డెసిబెల్ అంకె పక్కన "మిల్లీవాట్‌కు" అని ఉందో "వోల్ట్‌కు" అని ఉందో తప్పక చూడాలి.
- ఎక్కువగా వినే పాటలు: ఇటీవలి సినిమా పాటలా, పాత పాటలా, కర్ణాటక సంగీత కచేరీలా?
- వినే చోటు: ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్న గదిలోనా, సిటీ బస్సులోనా, ఎంఎంటీఎస్ రైల్లోనా?

చివరి రెండు వివరాలనూ చాలామంది పట్టించుకోరు. బస్సులో మాత్రమే సౌండ్ చాలడం లేదంటే అది ప్లేయర్ లోపం కాకపోవచ్చు. చెవిలో సరిగ్గా కూర్చోని రబ్బరు టిప్ వల్ల బయటి రొద లోపలికి వస్తుంది, బాస్ బయటికి పోతుంది. అలాంటప్పుడు కొత్త ప్లేయర్ మీద వేలకు వేలు పెట్టకుండా, సరైన సైజు టిప్‌లు గానీ ఫోమ్ టిప్‌లు గానీ కొంటే ఫలితం మెరుగ్గా ఉంటుంది. కొనేముందు ఈ ఒక్క మార్పు చేసి చూడండి. కొనవలసిన అవసరమే తీరిపోవచ్చు.

2. హెడ్‌ఫోన్ సెన్సిటివిటీని ఒకే కొలతలోకి తేవడం

కొన్ని కంపెనీలు సెన్సిటివిటీని ఒక మిల్లీవాట్‌కు ఇన్ని డెసిబెల్‌లు అని రాస్తాయి, కొన్ని ఒక వోల్ట్‌కు ఇన్ని అని రాస్తాయి. ఈ రెండు అంకెలనూ నేరుగా పోల్చకూడదు. నేటి ప్లేయర్లు దాదాపు అన్నీ వోల్టేజీ ఆధారంగా పనిచేసేవే కనుక, అన్నిటినీ వోల్ట్ లెక్కలోకి మార్చుకోవడమే సులువు.

మిల్లీవాట్‌కు ఇచ్చిన అంకెకు, ఇంపెడెన్స్‌ను బట్టి ఈ కింది డెసిబెల్‌లు కలపండి.

- 16 ఓమ్‌లు: 18 కలపాలి
- 32 ఓమ్‌లు: 15 కలపాలి
- 64 ఓమ్‌లు: 12 కలపాలి
- 80 ఓమ్‌లు: 11 కలపాలి
- 250 ఓమ్‌లు: 6 కలపాలి
- 300 ఓమ్‌లు: 5 కలపాలి
- 600 ఓమ్‌లు: 2 కలపాలి

ఒక ఇయర్‌ఫోన్ పెట్టె మీద "120 డెసిబెల్/వోల్ట్" అనీ, ఇంకొకదాని మీద "108 డెసిబెల్/మిల్లీవాట్, 32 ఓమ్‌లు" అనీ ఉందనుకుందాం. చూడగానే మొదటిదే గట్టిగా మోగుతుందనిపిస్తుంది. కానీ రెండోదానికి 15 కలిపితే వోల్ట్‌కు 123 అవుతుంది. అంటే ఒకే ప్లేయర్‌కు తగిలించినప్పుడు రెండోదే 3 డెసిబెల్‌లు ఎక్కువగా మోగుతుంది.

ఓమ్‌ల ప్రభావం ఎంత ఉంటుందో చూడటానికి బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో మంచి ఉదాహరణ. ఇది 32, 80, 250 ఓమ్‌ల రకాలలో వచ్చింది. మూడింటికీ సెన్సిటివిటీ మిల్లీవాట్‌కు 96 డెసిబెల్‌లే. వోల్ట్ లెక్కలోకి మారిస్తే వరుసగా 111, 107, 102 అవుతాయి. పైకి మూడూ ఒకేలా ఉంటాయి. అయినా ఒకే ప్లేయర్‌కు తగిలిస్తే 32 ఓమ్‌ల రకానికీ 250 ఓమ్‌ల రకానికీ దాదాపు 9 డెసిబెల్‌ల తేడా వస్తుంది. పది డెసిబెల్‌ల తేడాను మన చెవి సుమారుగా రెట్టింపు సౌండ్‌గా గుర్తిస్తుంది కాబట్టి ఇది చిన్న తేడా కాదు. పేరు మాత్రమే చూసి 250 ఓమ్‌ల రకం కొని, జేబులో పట్టే చిన్న ప్లేయర్‌కు తగిలించి, "ప్లేయర్‌లో దమ్ము లేదు" అనేవారు చాలామందే ఉన్నారు.

3. ప్లేయర్ మిల్లీవాట్లను వోల్టులుగా మార్చడం

ప్లేయర్ వివరాల్లో "35 మిల్లీవాట్లు + 35 మిల్లీవాట్లు, 16 ఓమ్‌ల వద్ద" అన్న తరహా వాక్యం ఉంటుంది. రెండు అంకెలనూ కలిపి 70 అనుకోకూడదు, ఒక్కో చెవికి అందేది 35 మాత్రమే. దీన్ని వోల్టులలోకి మార్చే పద్ధతి ఇది.

1. మిల్లీవాట్లను వెయ్యితో భాగించండి: 35 ÷ 1000 = 0.035
2. దాన్ని ఓమ్‌లతో గుణించండి: 0.035 × 16 = 0.56
3. వచ్చినదానికి వర్గమూలం తీయండి: సుమారు 0.75 వోల్టులు

ఈ 35 మిల్లీవాట్ల అంకె సోనీ ఎన్‌డబ్ల్యూ-ఏ306 వాక్‌మన్‌ది. పోల్చదలచిన ప్రతి ప్లేయర్‌కూ ఇదే లెక్క వేసి వోల్టులు పక్కపక్కన రాసుకోండి. ఒక కంపెనీ 16 ఓమ్‌ల వద్ద, ఇంకొకటి 32 ఓమ్‌ల వద్ద చెప్పిన అంకెలు అప్పుడే పోల్చడానికి వీలవుతాయి.

ఇప్పుడు ప్రతి ప్లేయర్ వోల్టేజీని, ఒక వోల్ట్‌తో పోలిస్తే ఎన్ని డెసిబెల్‌లు ఎక్కువో తక్కువో కింది పట్టీతో చూసుకోండి.

- 2 వోల్టులు: 6 ఎక్కువ
- 1.4 వోల్టులు: 3 ఎక్కువ
- 1 వోల్ట్: తేడా లేదు
- 0.75 వోల్టులు: 2.5 తక్కువ
- 0.5 వోల్టులు: 6 తక్కువ
- 0.25 వోల్టులు: 12 తక్కువ
- 0.15 వోల్టులు: 16.5 తక్కువ

వోల్టేజీ రెట్టింపైతే పెరిగేది 6 డెసిబెల్‌లే. మిల్లీవాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్‌లే. "వాళ్లది 70, వీళ్లది 35, కాబట్టి వాళ్లది రెండింతలు గట్టిది" అని కొట్టువాడు అంటే, ఒకే ఓమ్‌ల వద్ద అసలు తేడా 3 డెసిబెల్‌లు మాత్రమేనని గుర్తుంచుకోండి.

*ఈ మెట్టులో జరిగే పొరపాట్లు*

బ్యాలెన్స్‌డ్ జాక్ (కుడి ఎడమలకు గ్రౌండ్ కలవకుండా విడివిడి తీగలుండే జాక్) అంకెను మామూలు 3.5 మిల్లీమీటర్ల జాక్ అంకెగా చదవడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది సాధారణంగా 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ జాక్ అంకె. మీ ఇయర్‌ఫోన్ వైరుకు 3.5 పిన్ ఉంటే ఆ శక్తి మీకు అందదు. 3.5 పిన్‌ను 4.4 జాక్‌కు కలిపే అడాప్టర్ ఎవరైనా అమ్మజూపినా తీసుకోవద్దు. మూడు భాగాల పిన్‌లో కుడి ఎడమలకు ఉమ్మడి గ్రౌండ్ ఉంటుంది కనుక, బ్యాలెన్స్‌డ్ ఆంప్లిఫయర్ షార్ట్ అయి పాడయ్యే ప్రమాదం ఉంది.

అదే ప్లేయర్‌కు 16 ఓమ్‌ల వద్ద, 32 ఓమ్‌ల వద్ద రెండు అంకెలూ ఇచ్చి ఉంటే రెండింటినీ వోల్టులుగా మార్చండి. రెండూ సమానంగా ఉంటే తక్కువ ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌తోనూ ఆ ప్లేయర్ తడబడదని అర్థం. ఒకవేళ రెండు చోట్లా 50 మిల్లీవాట్లే అని రాసి ఉంటే, 32 ఓమ్‌ల వద్ద 1.26 వోల్టులు, 16 ఓమ్‌ల వద్ద 0.89 వోల్టులు వస్తాయి. అంటే ఓమ్‌లు తగ్గినప్పుడు ఆ ప్లేయర్ 3 డెసిబెల్‌లు వెనక్కి తగ్గుతోంది. పెట్టె మీద ఎక్కడా రాయని ఈ సంగతి, రాసిన అంకెల నుంచే బయటపడుతుంది.

4. రెండూ కలిపి చూడటం, ఎంత సరిపోతుందో నిర్ణయించడం

హెడ్‌ఫోన్ వోల్ట్ లెక్క సెన్సిటివిటీకి ప్లేయర్ డెసిబెల్ తేడాను కలిపితే (తక్కువ అని ఉంటే తీసివేస్తే) ఆ జత ఇవ్వగల గరిష్ఠ శబ్దం వస్తుంది. 0.75 వోల్టుల ప్లేయర్‌తో పైన చెప్పిన హెడ్‌ఫోన్ మూడు రకాలకూ లెక్క ఇలా ఉంటుంది.

- 32 ఓమ్‌లు: 111 − 2.5 = 108.5 డెసిబెల్‌లు
- 80 ఓమ్‌లు: 107 − 2.5 = 104.5 డెసిబెల్‌లు
- 250 ఓమ్‌లు: 102 − 2.5 = 99.5 డెసిబెల్‌లు

చివరి అంకె చూసి "99.5 అంటే చాలా ఎక్కువే కదా" అనిపించవచ్చు. అది పాటలోని అత్యంత గట్టి క్షణానికి దొరికే హద్దు. పాట సగటు స్థాయి దానికంటే బాగా కింద ఉంటుంది. ఎంత కింద అన్నది రికార్డింగును బట్టి మారుతుంది.

ఇటీవలి మాస్ బీట్ పాటలను మాస్టరింగ్‌లో (పాటను విడుదలకు సిద్ధం చేసే చివరి దశలో) పైకంటా నొక్కి పెడతారు కాబట్టి సగటుకూ శిఖరానికీ దూరం తక్కువ. అలాంటి పాటలే వినేవారికి గరిష్ఠం 100 డెసిబెల్‌లున్నా ధారాళంగా సరిపోతుంది. కచేరీ రికార్డింగు సంగతి వేరు. ఆలాపన మెల్లగా సాగుతున్నప్పటి స్థాయికీ, తని ఆవర్తనంలో మృదంగం మీద పడే గట్టి దెబ్బకూ మధ్య 20 డెసిబెల్‌లకు పైగా తేడా ఉండవచ్చు. ఆలాపన హాయిగా వినిపించాలంటే ఆ దెబ్బకు పైన చోటుండాలి. కచేరీలు, పాత టేపుల నుంచి తక్కువ స్థాయిలో ఎక్కించిన ఫైళ్లు వినేవారు 105 నుంచి 110 మధ్య గరిష్ఠం వచ్చేలా చూసుకోవడం మంచిది.

110 దాటిన తరువాత ఇంకా ఎక్కువ కోసం డబ్బు పెట్టడం వృథా అని నా అభిప్రాయం. ఆ పై శక్తిని చెవి చెడకుండా వాడుకోలేరు.

ఈ మెట్టు చివర మీ కాగితం మీద ఉండవలసినవి:

- హెడ్‌ఫోన్ సెన్సిటివిటీ, వోల్ట్ లెక్కలో
- ఒక్కో ప్లేయర్ వోల్టేజీ, మీరు వాడబోయే జాక్‌కు మాత్రమే
- ఒక్కో జతకు వచ్చే గరిష్ఠ డెసిబెల్‌లు
- మీ పాటలకు కావలసిన గరిష్ఠం

రెండు ప్లేయర్లూ మీకు కావలసిన గరిష్ఠాన్ని అందుకుంటే, వాటి మధ్య రెండు మూడు డెసిబెల్‌ల తేడాను ఎంపికకు కారణంగా తీసుకోవద్దు.

5. ఏ దేశం కోసం చేసిన మోడలో చూసుకోవడం

జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో ఉంటున్న బంధువులు వచ్చేటప్పుడు తెచ్చిపెట్టే ప్లేయర్ల విషయంలో ఈ మెట్టు అసలు దాటవేయకూడదు. ఐరోపా ప్రమాణాల ప్రకారం అక్కడ అమ్మే ప్లేయర్లకు శబ్దం మీద హద్దు ఉంది. ప్లేయర్‌తో పాటు వచ్చే ఇయర్‌ఫోన్‌తో 100 డెసిబెల్‌లు మించకూడదు. ఇయర్‌ఫోన్ లేకుండా అమ్మే ప్లేయర్‌కు, ఈఎన్ 50332 ప్రమాణంలోని రెండో భాగం కొలత పద్ధతిలో, అవుట్‌పుట్ 150 మిల్లీవోల్టులు మించకూడదు. 2013 నుంచి దీనికి తోడు, 85 డెసిబెల్‌ల స్థాయి దాటేటప్పుడు హెచ్చరిక చూపి వాడేవారి సమ్మతి అడగడం, 20 గంటలు విన్నాక మళ్లీ అడగడం కూడా వచ్చి చేరాయి.

150 మిల్లీవోల్టులు అంటే పై పట్టీ ప్రకారం 16.5 డెసిబెల్‌లు తక్కువ. అయితే ఇది పరీక్ష శబ్దపు సగటు కొలత, పాటలోని గట్టి క్షణాలు దీనికంటే పైకి వెళ్లగలవు. వోల్ట్‌కు 120 ఉన్న ఇయర్‌ఫోన్‌తో సగటు 103.5 దాకా వస్తుంది కనుక ఇబ్బంది ఉండదు. 80 ఓమ్‌ల డీటీ 770 ప్రోతో సగటు 90.5 దగ్గరే ఆగిపోతుంది. కచేరీలు వినేవారికి అది చాలదు.

ఒకే వస్తువు దేశాన్ని బట్టి ఎలా మారుతుందో ఆపిల్ యూఎస్‌బీ-సీ హెడ్‌ఫోన్ అడాప్టర్‌లో స్పష్టంగా చూడవచ్చు. అమెరికాలో అమ్మే ఏ2049 గరిష్ఠంగా దాదాపు ఒక వోల్ట్ ఇస్తుంది. ఐరోపాలో అమ్మే ఏ2155 అందులో సగమే ఇస్తుంది. చూపులకు రెండూ ఒకటే. తేడా వైరు మీద చిన్న అక్షరాల్లో ఉన్న మోడల్ అంకెలోనే తెలుస్తుంది.

పాత శాన్‌డిస్క్ సాన్సా క్లిప్, ఫ్యూజ్ ప్లేయర్లు సెకండ్ హ్యాండ్‌లో కొనేవారికి ఇంకో సంగతి. వీటిని మొదటిసారి ఆన్ చేసినప్పుడు ప్రాంతం అడుగుతాయి. ఐరోపా అని ఎంచితే వాల్యూమ్‌కు అడ్డుకట్ట పడుతుంది. ముందు వాడినవారు అలా ఎంచి ఉంటే, సెట్టింగ్స్‌లో ఫ్యాక్టరీ రీసెట్ చేసి "మిగిలిన ప్రపంచం" అన్న ప్రాంతాన్ని ఎంచుకోండి.

6. రెండూ సరిపోయాయంటే ఏ గుణాలతో తేల్చాలి

అసలు ఎంపిక ఇక్కడే జరుగుతుంది. శక్తి ఎక్కువున్న ప్లేయరే మెరుగైనదన్న నమ్మకం బాగా నాటుకుపోయింది. సున్నితమైన ఇయర్‌ఫోన్ వాడేవారికి అదే ఎక్కువ చికాకు తెచ్చిపెడుతుంది.

*6.1 కింది మెట్ల వాల్యూమ్.* రాత్రి అందరూ పడుకున్నాక మెల్లగా వినాలనుకున్నప్పుడు వాల్యూమ్ 1 మీదే గట్టిగా ఉండి, 0 మీద ఏమీ వినిపించకపోతే ఆ ప్లేయర్ ఎంత శక్తిగలదైనా మీకు పనికిరాదు. వాల్యూమ్‌కు 15 మెట్లే ఉన్న ప్లేయర్‌లో ఒక్కో మెట్టూ పెద్ద అంగలా ఉంటుంది. వంద దాటి మెట్లున్నవాటిలో కావలసిన చోట ఆపుకోవచ్చు. రెండు ప్లేయర్ల మధ్య నేనైతే మొదట చూసేది ఇదే.

*6.2 బుస్సుమనే శబ్దం.* పాట లేనప్పుడు వెనక నుంచి సన్నగా వినిపించే హిస్, సెన్సిటివిటీ ఎక్కువున్న ఇయర్‌ఫోన్లలో బయటపడుతుంది. దీన్ని పరీక్షించేటప్పుడు పాజ్ నొక్కి వింటే లాభం లేదు. చాలా ప్లేయర్లు పాజ్‌లో అవుట్‌పుట్‌ను పూర్తిగా మూసేస్తాయి. శబ్దమేమీ లేని ఒక నిమిషం ఆడియో ఫైలు తయారుచేసుకుని, దాన్ని ప్లే చేస్తూ వినాలి.

*6.3 అవుట్‌పుట్ ఇంపెడెన్స్.* ప్లేయర్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (ప్లేయర్ జాక్ వెనకే ఉండే అడ్డు) హెడ్‌ఫోన్ ఓమ్‌లలో ఎనిమిదో వంతుకు మించకుండా ఉండాలన్నది వాడుకలో ఉన్న సూత్రం. 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కు 2 ఓమ్‌లు, 32 ఓమ్‌లకు 4 ఓమ్‌లు. ప్లేయర్‌లో 10 ఓమ్‌లుంటే 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కు చేరేలోగా 4 డెసిబెల్‌లు పోతాయి. అది వాల్యూమ్ పెంచి సరిచేసుకోవచ్చు. కానీ బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ డ్రైవర్లు (శబ్దం పుట్టించే ఒక రకం చిన్న భాగాలు, బ్యాలెన్స్‌డ్ జాక్‌తో సంబంధం లేదు) పలు ఉన్న ఇయర్‌ఫోన్‌లో ఒక్కో స్వరస్థాయి వద్ద ఓమ్‌లు ఒక్కోలా ఉంటాయి కనుక పాట తీరే మారిపోతుంది. దాన్ని వాల్యూమ్ బటన్ సరిచేయలేదు.

*6.4 గెయిన్.* ఆంప్లిఫయర్ సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే అమరిక ఇది. లో, హై అనే రెండు స్థాయులు ఉండటం మంచిదే. ఇయర్‌ఫోన్లకు లో, పెద్ద హెడ్‌ఫోన్లకు హై వాడండి. హై పెట్టి వాల్యూమ్‌ను బాగా తగ్గించి వినడం వల్ల మేలేమీ ఉండదు. హిస్ పెరగవచ్చు, బ్యాటరీ కూడా త్వరగా అయిపోవచ్చు.

7. కొట్టులో చేయవలసిన పరీక్ష

కోఠిలోనైనా, సికింద్రాబాద్ సీటీసీలోనైనా, మీ ఊరి షోరూమ్‌లోనైనా కొట్టువారి ఇయర్‌ఫోన్‌తో విని నిర్ణయించవద్దు. మీది మీరు తీసుకెళ్లండి.

వెంట ఉండవలసినవి:

- మీ హెడ్‌ఫోన్, దానికి ఉన్న అసలు వైరు
- మైక్రోఎస్‌డీ కార్డులో నాలుగు ఫైళ్లు: మెల్లని ఆలాపన, ఇటీవలి గట్టి పాట, మీకు బాగా అలవాటైన ఒక పాత పాట, శబ్దం లేని ఫైలు
- లెక్కలు రాసుకున్న కాగితం

పరీక్ష వరుస:

1. రెండు ప్లేయర్లలోనూ ఈక్వలైజర్, బాస్ బూస్ట్, సరౌండ్ వంటివన్నీ ఆపండి. గెయిన్ రెండింటిలోనూ లో పెట్టండి.
2. హెడ్‌ఫోన్ తగిలించే ముందు వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. ముందు వినిపించినవారు ఎక్కడ వదిలేశారో తెలియదు.
3. గట్టి పాటతో మొదలుపెట్టి, మీకు హాయిగా ఉన్న స్థాయి దాకా పెంచండి. అక్కడ కనిపించే అంకెను ఎన్ని మెట్లలో ఎంత అని రాసుకోండి.
4. అదే చోట ఆలాపన పెట్టండి. చాలకపోతే పెంచండి. ఇంకా పైన ఎంత మిగిలిందో చూడండి.
5. వాల్యూమ్‌ను ఒకటో మెట్టుకు దించి వినండి.
6. శబ్దం లేని ఫైలుతో హిస్ చూడండి. కొట్టు రొదలో ఇది తెలియకపోతే, తలుపు వేసి ఉన్న గది ఉందేమో అడగండి.
7. రెండో ప్లేయర్‌తో ఇదంతా అదే వరుసలో చేయండి.

ఒక ప్లేయర్‌లో సగం వాల్యూమ్‌నూ ఇంకోదానిలో సగం వాల్యూమ్‌నూ పోల్చకండి. సగం దగ్గర ఎంత శబ్దం ఉండాలన్నది ఆయా కంపెనీల ఇష్టం. కొన్నిటిలో సగానికే చెవులు గింగురుమంటాయి, కొన్నిటిలో ముప్పాతిక దాటాకే ఊపందుకుంటుంది. పూర్తిగా పెంచినప్పుడు రెండూ సమానంగా మోగవచ్చు.

ఇంకో మోసం చెవి చేసేది. రెండింటిలో ఒక డెసిబెల్ గట్టిగా ఉన్నదాన్ని మనం "గట్టిగా ఉంది" అనుకోము, "స్పష్టంగా ఉంది, బాస్ బాగుంది" అనుకుంటాము. అందుకే నాణ్యత గురించి తీర్పు చెప్పే ముందు రెండింటి శబ్దాన్నీ సమం చేయాలి.

8. మల్టీమీటర్‌తో శబ్దం సమం చేయడం

ఇది ఇంట్లో, తిరిగి ఇచ్చే గడువు ఇంకా ఉన్నప్పుడు చేసుకోవలసిన పని. కొట్టులో కుదరదు.

ముందు మీటర్ సంగతి. ఎలక్ట్రీషియన్ల దగ్గర తరచు కనిపించే చిన్న పసుపు రంగు చవక మీటర్‌లో ఏసీకి 200 వోల్టులు, 750 వోల్టులు అనే రెండు రేంజ్‌లే ఉంటాయి. అర వోల్ట్‌ను అది సరిగా కొలవలేదు. ఏసీలో 2 వోల్టుల రేంజ్ గానీ, మిల్లీవోల్టులు చూపే ఆటో రేంజ్ గానీ ఉన్న మీటర్ కావాలి.

1. 100 హెర్ట్జ్ సైన్ టోన్ (ఒకే స్వరంగా మోగే పరీక్ష శబ్దం) ఫైలును రెండు ప్లేయర్లలో వేసుకోండి. మామూలు మీటర్లు కరెంటు సరఫరాకు దగ్గరగా ఉన్న తక్కువ ఫ్రీక్వెన్సీల వద్దే నమ్మకంగా కొలుస్తాయి కాబట్టి 1000 హెర్ట్జ్ టోన్ వాడవద్దు.
2. ప్లేయర్ జాక్‌కు రెండు దారుల స్ప్లిటర్ తగిలించి, ఒకదానికి హెడ్‌ఫోన్, ఇంకోదానికి కొసలు విప్పిన 3.5 పిన్ వైరు పెట్టండి. హెడ్‌ఫోన్ తగిలించకుండా కొలిస్తే అంకె అసలు వాడకానికి సరిపోదు.
3. పిన్ కొస ఎడమ చెవిది, మధ్య వలయం కుడిది, మొదలు దగ్గరి భాగం గ్రౌండ్. ఎడమకూ గ్రౌండ్‌కూ మధ్య కొలవండి. విప్పిన తీగలు ఒకదానికొకటి తగలనీయకండి.
4. టోన్ మోగుతున్నంతసేపూ హెడ్‌ఫోన్‌ను చెవికి పెట్టుకోకండి.
5. మొదటి ప్లేయర్‌ను మీరు రోజూ వినే వాల్యూమ్‌లో ఉంచి అంకె రాసుకోండి. రెండోదాన్ని అదే అంకెకు వీలైనంత దగ్గరగా తీసుకురండి.

తేడా నూటికి రెండు మూడు శాతంలోపు ఉంటే, అంటే 500 మిల్లీవోల్టులకు 10, 15 అటూ ఇటూగా ఉంటే చాలు. ఇప్పుడు పాటలు మార్చి మార్చి వినండి. అప్పటిదాకా కొట్టొచ్చినట్టు కనిపించిన "నాణ్యత తేడా" చాలా సందర్భాల్లో ఇక్కడ మాయమవుతుంది. మాయమైతే, తక్కువ ధరదాన్ని నిశ్చింతగా ఉంచుకోవచ్చు.

9. ఎంతసేపు, ఎంత గట్టిగా

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కలిసి రూపొందించిన హెచ్.870 ప్రమాణం ప్రకారం పెద్దవారికి వారానికి 80 డెసిబెల్‌ల వద్ద 40 గంటలు హద్దు. పిల్లలకు అదే 40 గంటలకు 75 డెసిబెల్‌లు. ప్రతి 3 డెసిబెల్‌లకూ వినదగిన సమయం సగమవుతుంది.

- 83 డెసిబెల్‌లు: వారానికి 20 గంటలు
- 86 డెసిబెల్‌లు: 10 గంటలు
- 89 డెసిబెల్‌లు: 5 గంటలు
- 92 డెసిబెల్‌లు: రెండున్నర గంటలు
- 95 డెసిబెల్‌లు: గంటా పావు

ఇవి వారం మొత్తానికి అంకెలు, రోజుకు కావు. పిల్లల కోసం కొంటున్న ప్లేయర్ అయితే గరిష్ఠ వాల్యూమ్‌కు తాళం వేసి, కోడ్ పెట్టుకునే వీలుందో లేదో చూడండి. ఆ సదుపాయం ఉన్నదాన్నే ఎంచండి.

10. కొన్నాక సౌండ్ తక్కువ వస్తుంటే

ప్లేయర్ మార్చమని అడిగే ముందు ఈ వరుసలో చూడండి. చాలా ఫిర్యాదులు మొదటి నాలుగింటితోనే తీరిపోతాయి.

*వాల్యూమ్ లిమిటర్.* సెట్టింగ్స్‌లో గరిష్ఠ వాల్యూమ్ హద్దు ఆన్‌లో ఉందేమో చూడండి. సోనీ వాక్‌మన్‌లలో దీని పేరు ఏవీఎల్ఎస్.

*రీప్లేగెయిన్.* పాటల మధ్య వాల్యూమ్ సమం చేసే ఈ సదుపాయం గట్టి పాటలను పది డెసిబెల్‌ల దాకా తగ్గించగలదు. ఐపాడ్‌లో ఇదే పనిచేసేది సౌండ్ చెక్. ఆపి చూస్తే ప్లేయర్ ఒక్కసారిగా లేచినట్టు వినిపిస్తుంది, కాబట్టి ముందు వాల్యూమ్ తగ్గించుకోండి.

*ఈక్వలైజర్ ప్రీఆంప్.* బాస్ పెంచినప్పుడు పాట పగలకుండా మొత్తం స్థాయిని ప్లేయర్ తనంతట తానే తగ్గిస్తుంది. ఈక్వలైజర్‌ను పూర్తిగా ఆపి పోల్చండి.

*బ్లూటూత్‌లో రెండు వాల్యూమ్‌లు.* ఆండ్రాయిడ్ ప్లేయర్‌లో ప్లేయర్ వాల్యూమ్, ఇయర్‌బడ్ వాల్యూమ్ విడివిడిగా ఉండవచ్చు. రెండోది తగ్గి ఉంటే మొదటిది ఎంత పెంచినా చాలదు. డెవలపర్ ఆప్షన్స్‌లో "అబ్సల్యూట్ వాల్యూమ్" అమరికను మార్చి, డిస్కనెక్ట్ చేసి, మళ్లీ కనెక్ట్ చేయండి.

*గాయకుడి గొంతు మాయమై వాద్యాలు మాత్రమే వినిపించడం.* మైక్ ఉన్న ఇయర్‌ఫోన్‌కు నాలుగు భాగాల పిన్ ఉంటుంది. గ్రౌండ్, మైక్ స్థానాలు తారుమారైన పాత రకం పిన్ అయితే, లేదా పిన్ పూర్తిగా లోపలికి దిగకపోతే ఇలా జరుగుతుంది. వైరు మీది బటన్ నొక్కి పట్టుకోండి. నొక్కినంతసేపూ గొంతు సరిగ్గా వస్తే తప్పు ప్లేయర్‌ది కాదు, పిన్ రకానిది. స్థానాలు మార్చే చిన్న అడాప్టర్‌తో సరిపోతుంది.

*ఒక చెవిలో మాత్రమే తక్కువ.* ఇయర్‌ఫోన్‌ను తిప్పి, ఎడమది కుడి చెవికి పెట్టుకోండి. తక్కువ శబ్దం కూడా రెండో చెవికి మారితే లోపం ఇయర్‌ఫోన్‌లోనో ప్లేయర్‌లోనో ఉంది. మారకపోతే మీ చెవిలో ఉంది, గుబిలి పట్టిందేమో డాక్టరుకు చూపించండి. ఇయర్‌ఫోన్‌లో అయితే టిప్ తీసి, లోపలి సన్నని జాలీని వెలుతురులో చూడండి. గుబిలి పేరుకుని ఉంటే జాలీ కిందికి ఉండేలా పట్టుకుని, మెత్తని పొడి బ్రష్‌తో తుడవండి. సూదితో పొడిస్తే జాలీ చిరిగి చెత్త డ్రైవర్ మీదికి పోతుంది.

*పిన్ కదిపితే సౌండ్ వచ్చిపోవడం.* జేబులోని నూలుపోగులు జాక్ అడుగున గడ్డకట్టి పిన్‌ను పూర్తిగా దిగనీయవు. ప్లేయర్‌ను ఆఫ్ చేసి, చెక్క పంటిపుల్లతో మెల్లగా బయటికి తీయండి. లోహపు పిన్నీసులు వాడకండి. శుభ్రం చేసి, వేరే ఇయర్‌ఫోన్‌తో చూసినా అలాగే ఉంటే జాక్ వదులైనట్టే. వారంటీలో ఉన్న ప్లేయర్‌ను బయట టంకం పెట్టించకుండా, బిల్లుతో సహా సర్వీస్ సెంటర్‌కు ఇచ్చి, జాబ్ షీట్ మీద "జాక్ వదులు" అని స్పష్టంగా రాయించుకోండి. "సౌండ్ తక్కువ" అని మాత్రమే రాస్తే, సెట్టింగ్స్ రీసెట్ చేసి తిరిగి చేతిలో పెడతారు.